శంకరమ్మ ఇంటి జోకరు

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద మత్తయి టెంట్ హౌస్ ఉంది. మధ్యాహ్నం అన్నాలు తిని, కడిగిన పెద్ద గిన్నెలను ఎండలో బోర్లించాక, అక్కడ పత్తాలాట మొదలవుతుంది. మడతపెట్టిన షామియానాల మధ్య పాత జంపఖానా ఒకటి పరుస్తారు. పైన రేకులకు అక్కడక్కడా చిల్లులున్నాయి. వాటిలోంచి దిగిన ఎండ, వేలాడుతున్న ఎర్రగుడ్డల మీదా పసుపుగుడ్డల మీదా పడి, కూర్చున్నవాళ్ల మొహాలకు ఊరికే పెళ్లికళ తెచ్చిపెడుతుంది. పైసలు పెట్టి ఆడితే మత్తయి ఊరుకోడు. చింతగింజలే పందెం.

ఆట కంటే అక్కడ మాటలే ఎక్కువ. కంపెనీ బస్సు నడిపే జంగా పొద్దున్నే స్టాఫును ఆదిభట్లలో దించితే, సాయంత్రం మళ్లీ ఎక్కించుకునేదాకా ఖాళీ. ఆ ఖాళీ అంతా తెచ్చి ఇక్కడే ఒలకబోస్తాడు. కలుపుతూ ఒక మాట, పంచుతూ ఒక మాట, ఎత్తుతూ ఒకటి, పడేస్తూ ఒకటి. ఇస్పేటు ఆసు వస్తే ముద్దు పెట్టుకుంటాడు. చెయ్యి బాగా లేకపోతే "నేను దిగిన, డ్రాప్!" అని పత్తాలు బోర్లించి చాయ్ చెప్పడానికి పోతాడు. మత్తయి ఒక్క మాటా అనడు. వరసలన్నీ కుదిరి షో కొట్టేటప్పుడు మాత్రం గొంతు సవరించుకుంటాడు. ఆ దగ్గు వినగానే మిగతావాళ్లు చింతగింజలు ముందుకు తోసేస్తారు.

ఆ ఆటలో మూడోవాడు బుగ్గయ్య. టెంట్ హౌస్‌లో కుర్చీలు దించేదీ, గుంజలు పాతేదీ అతనే. ఊరంతా అతన్ని జోకరు అంటుంది. అందులో వెక్కిరింత ఏమీ లేదు. పత్తాలు ఆడేవాళ్లకు తెలుసు కదా, పంచడం అయ్యాక కట్టలోంచి ఒక ముక్క తీసి పక్కన పెడతారు. ఆ ఆటకు ఆ అంకె ముక్కలన్నీ జోకర్లు. వరసలో ఏ ముక్క తక్కువైనా దాని చోట జోకరును కూర్చోబెట్టుకోవచ్చు. బుగ్గయ్య పుట్టుకతోనే అలాంటి మనిషి. ఏ ఇంట్లో ఎవరు తక్కువైతే, ఆ ఇంటి గడప దాటగానే అతనికి వాళ్ల ముఖం వచ్చేది.

ఔటర్ రింగ్ రోడ్డు పడి, కందిచేలు ప్లాట్లయి, కంపెనీలు దిగి, అందరికీ పనులు దొరికిన రోజులవి. పని దొరికిందంటే మనిషి ఇంట్లో దొరకడన్నమాట. శేరిగూడలో ఒక పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీస్తుంటే, తొలి కత్తెర వేయాల్సిన మేనమామ షిఫ్టులో ఇరుక్కుపోయాడు. "జోకర్‌ను పిలువుండ్రి" అన్నారు. బుగ్గయ్య వెళ్లి మేనమామై కూర్చున్నాడు. పిల్లాడు ఆ ముఖం చూసి నవ్వి, కత్తెర చూసి ఏడ్చి, ఒళ్లో ఉచ్చ పోసి, అన్నీ అసలు మామకు చేసినట్టే చేశాడు. పెళ్లి ఫోటోల్లో బాబాయిగా, పందిరి వేసే చోట పెద్దబావగా, బడి మీటింగులో తండ్రిగా, ఎక్కడ చోటు ఖాళీ అయితే అక్కడ బుగ్గయ్య. భోజనం పెట్టి, భుజాన ఒక కొత్త తువాల వేసి పంపేవారు.

కట్టుబాటు ఒక్కటే. ఆ ముఖంతో నిద్రపోకూడదు. నిద్రపోతే పాలు తోడుకున్నట్టు ముఖం తోడుకుంటుంది, లోపలి మనిషి కూడా ఆ మనిషే అయిపోతాడు. ఆ సంగతి వాళ్లమ్మ బతికున్నప్పుడే చెప్పింది. అందుకే ఎంత దూరం పోయినా పడుకునే వేళకు టెంట్ హౌస్ చేరుకుని, షామియానాల మీద ఒక్కడే పడుకునేవాడు.

మరి అతని అసలు ముఖం ఎలా ఉంటుందంటే ఎవరూ చెప్పలేరు. రోజుకొకటి పెట్టుకుని తీసేసరికి, దేని ఆనవాలో కొంత మిగిలిపోయేది. ఆధార్ ఫోటోలో ఒకసారి చూస్తే ఒకరు, ఇంకోసారి చూస్తే ఇంకొకరు. నలభై దాటుతున్నా పెళ్లి కాకపోవడానికీ ఇదే కారణం. సంబంధం చూడబోయిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు తక్కువుండేవారు. పిల్ల వచ్చి ఎదురుగా కూర్చునేసరికి బుగ్గయ్య దుబాయి పోయిన ఆమె అన్నలాగా అయిపోయేవాడు. అన్నను ఎవరు చేసుకుంటారు?

ఒక మధ్యాహ్నం ఆట మధ్యలో స్వరాజ్యం వచ్చింది. టెంట్ హౌస్‌కు దిండు గలీబులూ షామియానా అంచులూ కుట్టిచ్చేది ఆమే. మొగుడు కిష్టయ్య ఎండాకాలంలో పోయాడు. పెద్ద అంబర్‌పేట్ దగ్గర హైవే దాటుతుంటే లారీ కొట్టింది. పిల్లలు లేరు. ఇంట్లో ఆమే, అత్త శంకరమ్మే.

కుట్టిన గలీబుల మూట దించి, అక్కడే నిలబడింది. బుగ్గయ్య వంక చూడకుండా మాట్లాడింది.

"మా అత్త ఏడుస్తలేదు."

"ఏందీ?" అన్నాడు బుగ్గయ్య.

"కొడుకు పోయినప్పటి సంది ఒక్క చుక్క గూడ కార్చలేదు. తింటలేదు. ప్రతి ఐతారం పత్తాలు దీసి ఇద్దరికి పంచుతది. కిష్టయ్య ముంగట కూసున్నట్టే. తన చెయ్యి ఆడుతది, ఆయన చెయ్యి బోర్లేసే ఉంటది. గట్ల పొద్దుగూకేదాక కూసుంటది. చూడలేక వచ్చిన. నువ్వు జర... ఒక్క ఐతారం కూసుంటవా?"

జంగా చేతిలో పత్తాలు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. వాగే నోరు మూతపడటం ఆ టెంట్ హౌస్‌లో అదే మొదటిసారి.

"కూసుంట," అన్నాడు బుగ్గయ్య.

ఆదివారం అతను గడప దాటగానే కిష్టయ్య ముఖం వచ్చింది. మంచం మీద కూర్చున్న శంకరమ్మ తల ఎత్తి చూసింది. ఆశ్చర్యపోలేదు, ఊళ్లో జోకరు సంగతి ఆమెకు తెలియంది కాదు. కొడుకు పోయాడన్న సంగతీ తెలియంది కాదు. చూస్తూ చూస్తూ పక్కనున్న పత్తాల కట్ట అందుకుంది.

"కూసో బిడ్డా," అంది. "కలుపుత."

శంకరమ్మ పత్తాల్లో ఆరితేరిన మనిషి. కాపురానికి వచ్చిన కొత్తలో, ఎడతెగని వానలప్పుడు తన అత్త నేర్పిన ఆట. ఆ ఇంట్లో పత్తాలకు ఆ ఇంటి పేర్లే. రాజును దొర అంటారు. రాణి దొర్సాని. జాకీని మాత్రం జీతగాడు అంటారు, ఎందుకంటే వరసలో అన్నిటికంటే ఎక్కువ పని చేసేది వాడేనట. ఆసు ఎక్క. మూసిన కట్టలోంచి ఎత్తడాన్ని "బాయిలకెల్లి తోడుడు" అంటారు. బుగ్గయ్యకు ఈ మాటలేవీ రావు.

"జాకీ పడేసిన," అన్నాడు మొదటి రోజు.

"ఏం పడేసినవ్?"

"జాకీ..."

"మనింట్ల గట్లంటమా?" అని కసిరింది. ఆ కసురుకు లోపల వంటింట్లో స్వరాజ్యం చేతిలో గంటె ఆగింది. అత్త గొంతులో ఆ బలం విని ఎన్నాళ్లయిందో.

ఆ సాయంత్రం శంకరమ్మ పళ్లెం నిండా అన్నం తింది. ఒక్క ఆదివారం కాస్తా ప్రతి ఆదివారం అయింది.

వానాకాలమంతా అలాగే గడిచింది. పెంకుల మీద చినుకులు, లోపల పత్తాల చప్పుడు. ఎదురుగా ముసలామె పంచుతుంటే ముక్కలు తేలుతూ వచ్చి అతని మోకాళ్ల దగ్గర వాలేవి. పక్క గదిలో కుట్టుమిషను నడిచేది, ఆగేది, మళ్లీ నడిచేది. అది ఆగినప్పుడల్లా స్వరాజ్యం ఇటే చూస్తోందని బుగ్గయ్యకు తెలిసేది. తను చూస్తున్నది ఎవరినో తెలియక ఆమె మళ్లీ తొక్కడం మొదలుపెట్టేది. బుగ్గయ్య ఎన్నో ఇళ్లలో ఎందరో అయ్యాడు, కానీ ఏ ఇంట్లోనూ అతని కోసం వారమంతా ఎదురుచూసినవాళ్లు లేరు. ఎదురుచూస్తున్నది తన కోసం కాదని తెలిసినా, ఆ ఎదురుచూపు మధ్యలో కూర్చుంటే హాయిగా ఉండేది. పుట్టి బుద్ధెరిగాక అంత హాయి ఎరగడు.

ముఖం దిగడం ఆలస్యమవుతూ వచ్చింది. మొదట్లో గడప దాటగానే పోయేది. తర్వాత సందు చివరిదాకా, ఆ తర్వాత టెంట్ హౌస్ దాకా వెంట వచ్చేది. ఒక మంగళవారం మధ్యాహ్నం జంపఖానా మీద ఆడుతూ బుగ్గయ్య ముక్క వేసి, "జీతగాన్ని ఇడ్సిపెట్టిన" అన్నాడు.

జంగా అతని వంక చూశాడు. "ఎవన్ని ఇడ్సిపెట్టినవ్?"

బుగ్గయ్య నాలుక కరుచుకున్నాడు. జాకీ అన్న మాట ఎంత వెతికినా దొరకలేదు. నాలుక మీద ఉన్నవన్నీ ఆ ఇంటి పేర్లే.

"అన్నా, జర భద్రం," అన్నాడు జంగా మెల్లగా. "నిన్ను నువ్వు యాడనో పెట్టి మర్సిపోతున్నవ్."

మత్తయి దగ్గలేదు, ఆ పూట షో కొట్టలేదు.

మరుసటి ఆదివారం ఆట అయ్యి బుగ్గయ్య వెళ్తున్నప్పుడు స్వరాజ్యం వాకిలిదాకా వచ్చింది. సన్నగా తుంపర పడుతోంది.

"ముఖం దించుకోని పో," అంది. "గా ముఖంతోని బజార్ల పోతుంటే మంది చూస్తుండ్రు."

"దిగుతలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనొకటంట, కోపం చెయ్యకు," అన్నాడు బుగ్గయ్య. "వచ్చే ఐతారం ఈడనే పండుకుంట. తెల్లారేసరికి అంత సరైపోతది. అమ్మకు కొడుకుంటడు. నీకు నీ పెనిమిటి ఉంటడు. మల్ల ఎవ్వలకు ఏం తక్కువుండది."

"నువ్వో?"

"నాదేమున్నది పోవడానికి? నా ముఖం ఎట్లుంటదో నాకే యాదికి లేదు."

స్వరాజ్యానికి కావాలని ఉంది, ఆ మాట దాచుకోవడం ఆమెకు చేతకాలేదు. ఆ ముఖం రోజూ కళ్లముందు తిరగాలనీ ఉంది. ఎవరిదో బతుకు తీసి తన ఇంట్లో పాతుకుంటున్నట్టు భయంగానూ ఉంది.

"మంచం ఏసి ఉంచుత," అంది చివరికి. అని గబగబా లోపలికి వెళ్లిపోయింది.

అనుకున్న ఆదివారం వాన లేదు. తెరిపి ఎండ వాకిట్లోకి పచ్చగా దిగింది. బుగ్గయ్య టెంట్ హౌస్‌లో తన గుడ్డలు రెండు జతలూ మూటగట్టి మత్తయి చేతికిచ్చి, ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. మత్తయి మూట తీసుకోలేదు, వద్దనీ అనలేదు. దాన్ని కుర్చీల మీద పెట్టి బుగ్గయ్య వచ్చేశాడు. గడప దాటగానే కిష్టయ్య ముఖం ఎప్పటికంటే తొందరగా, ఎప్పటికంటే చక్కగా కుదిరింది. పక్క గదిలో మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

శంకరమ్మ పంచింది. కట్టలోంచి ముక్క తీసి పక్కన పెట్టింది. తొమ్మిది. తొమ్మిదులన్నీ జోకర్లు.

బుగ్గయ్య చేతిలో మూడు తొమ్మిదులు పడ్డాయి. ఒళ్లంతా సంబరంతో పొంగింది. ఎత్తాడు, పడేశాడు, ఎత్తాడు. కాసేపటికే ఒక ముక్క బోర్లించి మధ్యలో కొట్టాడు.

"షో!"

పత్తాలు పరిచాడు. ఇస్పేటు ఐదు, ఆరు, జోకరు, ఎనిమిది. ఆటీను జీతగాడు, జోకరు, దొర. డైమను ఎక్క, రెండు, జోకరు. మూడు రంగుల నాలుగులు.

శంకరమ్మ వాటిని చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"ఒర్జినల్ ఏది బిడ్డా?"

బుగ్గయ్య కిందికి చూశాడు. జోకరు లేని వరస ఒక్కటీ లేదు. రమ్మీ ఆడే ఎవరినడిగినా మొదట చెప్పే సంగతి ఇదే. చేతిలో ఎన్ని జోకర్లున్నా, జోకరు తోడు లేకుండా కుదిరిన అసలు వరస ఒకటి ఉండితీరాలి. అది లేని షో తప్పు షో. చిన్న పిల్లలు కూడా చేయని తప్పు. ఎన్నేళ్లుగానో ఆడుతున్న బుగ్గయ్య ఏనాడూ చేయలేదు.

శంకరమ్మ తన చేతిలోని పత్తాలు కింద పరిచేసింది.

"నా కొడుకుకు చిన్నప్పటి సంది గిదే తప్పు," అంది. "చేతిల జోకర్లు పడంగనే ఉరికి షో కొడ్తుండె. ఎన్ని తీర్ల చెప్పినా వినకపోతుండె." కాస్త ఆగింది. "నువ్వు చేసెటోనివి కాదు. మొదటి ఐతారం సంది చూస్తున్న. ఒర్జినల్ కుదిరేదాక జోకర్ దిక్కు చూడకపోతుంటివి. ముఖం నా కొడుకుది, చెయ్యి నీది. చెయ్యి నీదున్నది గదా అని ఊకున్న. ఇయ్యాల చెయ్యి గూడ వాందే అయ్యింది."

"మంచిదే గదమ్మా," అన్నాడు బుగ్గయ్య. గొంతు కూడా కిష్టయ్యదే వచ్చింది. "నీ కొడుకు నీకు దొరికిండనుకో."

"ముఖం తెస్తే తీస్కున్న. ఆశ పడ్డ. ముసల్దాన్ని, ఎవలేమంటరని తీస్కున్న. మనిషినే ఇస్తనంటే ఎట్ల తీస్కుంట? నువ్వు గూడ ఒకామె కన్న కొడుకువే. రేపు పైకి పోయినంక ఆమె ఎదురైతే నేనేం చెప్పాలె?"

తలుపు దగ్గర స్వరాజ్యం నిలబడి ఉంది. అత్త ఆమెను చూసింది, పక్క గదిలో మంచాన్నీ చూసింది. పరిచిన పత్తాలన్నీ ఒక్కొక్కటే ఏరింది. దొరలు, దొర్సానులు, జీతగాళ్లు, మూడు తొమ్మిదులు, పక్కన పెట్టిన నాలుగో తొమ్మిది కూడా. అన్నీ కలిపి, బాగా కలిపి, కట్ట అతని ముందుకు జరిపింది.

"ఆట అయిపోయింది. ఆట అయిపోయినంక జోకర్ మల్ల ఉత్త పత్తానే. కొత్త జోకర్ తియ్యి."

"వద్దమ్మా."

"తియ్యి."

"నాకు ఈడనే ఉండాలని ఉన్నది," అన్నాడు బుగ్గయ్య. ఏడుపు వచ్చేసింది. "తోలెయ్యకు."

"ఉండు. ఉండొద్దని ఎవలన్నరు?" శంకరమ్మ చెయ్యి చాచి ఆ చెంపలు రెండూ పట్టుకుంది. కళ్లు, ముక్కు, గడ్డం, అన్నీ వేళ్లతో తడిమింది. "నువ్వుండు. వాన్ని పోనీ."

బుగ్గయ్య కట్ట మధ్యలో చెయ్యి పెట్టి ఒక ముక్క లాగాడు. కళావరు నాలుగు. ఎవరూ లెక్కచేయని చిన్న ముక్క. దాన్ని పక్కన పెట్టేసరికి శంకరమ్మ చేతుల్లోంచి కొడుకు ముఖం మెల్లగా దిగిపోయింది. ముందు చూపు పోయింది, తర్వాత నవ్వు, చివరిగా నుదురు. ముసలామె ఆ పోవడాన్ని కళ్లార్పకుండా చూసింది. అంతా పోయాక చేతులు ఒళ్లోకి తీసుకుని, "కిష్టా" అని పిలిచి, బోరున ఏడ్చింది. ఎండాకాలం నుంచి దాచుకున్న ఏడుపంతా వచ్చింది. స్వరాజ్యం పరుగున వచ్చి అత్తను పొదివి పట్టుకుంది. చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు విని, పనులు వదిలేసి వచ్చి వాకిట్లో కూర్చుని తామూ ఏడ్చారు. కిష్టయ్య చావు ఆ రోజుతో పూర్తయింది.

ఆ తర్వాత బుగ్గయ్యకు ఎవరి ముఖమూ రాలేదు. పుట్టువెంట్రుకలప్పుడు మేనమామ కుర్చీ ఖాళీగా ఉండిపోతే జనం కాసేపు గొణిగి, షిఫ్టు దిగి వచ్చేదాకా మేనమామ కోసం ఆగడం అలవాటు చేసుకున్నారు.

కానీ ఆ ఆదివారం సంగతి ఇంకా కాస్త ఉంది. వాకిలి ఖాళీ అయ్యాక, ఏడ్చి ఏడ్చి శంకరమ్మ ఆ ఉతికిన దుప్పటి మీదే నిద్రపోయాక, స్వరాజ్యం వంటింట్లోంచి బయటికి వచ్చింది. బుగ్గయ్య మెట్టు మీద కూర్చున్నాడు, వెళ్లాలో ఉండాలో తెలియక. ఆమె ఎదురుగా నిలబడి అతన్ని తేరిపార చూసింది. నల్లటి ముఖం, కాస్త చప్పిడి ముక్కు.

"చెవులు పెద్దయి," అంది.

"ఉన్నయా?" అని తడుముకున్నాడు. నిజమే, పెద్దవే.

ఆమెకు నవ్వు రాబోయి ఆగింది. ఏడ్చిన కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"పొద్దుగూకుతున్నది. తినిపో. ఏం వండాలె?"

"ఏదైనా సరే."

"ఏదైనా కాదు. నీకేం ఇష్టం?"

ఇన్నేళ్లూ బుగ్గయ్య ఏ పంక్తిలో కూర్చున్నా ఆ ఖాళీ చోటివాడికి ఇష్టమైనవే విస్తట్లో పడ్డాయి, అవే తిన్నాడు. ఈ మాట అతన్ని ఎవరూ అడగలేదు. ఏం చెప్పాలో తెలియక ఆమె వంక బెదురుగా చూశాడు.

"మెల్లగ యాది చేస్కో," అంది స్వరాజ్యం. "నేను బియ్యం కడుగుత."

లోపల చేటలో బియ్యం చప్పుడు, నీళ్ల చప్పుడు, గిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడు. సాగర్ రోడ్డు మీద కంపెనీ బస్సులు వరసగా పోతున్నాయి. బుగ్గయ్య మోకాళ్లు పట్టుకుని కూర్చుని చాలాసేపు వెతుక్కున్నాడు.

"పచ్చిపులుసు," అన్నాడు చివరికి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఉల్లిగడ్డలు జర ఎక్కువెయ్యి."

ఆ మాట ఇంకెవరిదైనా అయ్యుంటుందేమోనని లోపల మరోసారి చూసుకున్నాడు. కాదు, తనదే.